మల్లిక అంగడికి ఊరు వెతికిన రోజు: సేలం, హోసూరు, ధర్మపురి

నలుగురు అక్కచెల్లెళ్ళలో నేను పెద్దదాన్ని, మల్లిక చివరిది. ధర్మపురికి దగ్గరలో ఇండూరులో ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. ఇన్నేళ్ళూ ఇంటి ముందరి వసారాలోనే మిషను పెట్టుకొని కుట్టింది. ఈ ఏడు అంగడి పెట్టాలని నిశ్చయించుకున్నది. చేతిలో ఉన్నది ఒక్క అడ్వాన్సుకు, ఒక బోర్డుకు, ఇంకొక మిషనుకు సరిపోతుంది. ఊరు తప్పు పడితే మళ్ళీ పెట్టే శక్తి లేదు. సేలంలో జరీ, దారం అమ్మే ఆయన ఒక చోటు చెప్పాడు. హోసూరులో ఆమె భర్త శీను ఒక గది చూసి పెట్టాడు. శీను మేస్త్రి పని చేస్తాడు. వారమంతా హోసూరులో కట్టడాల దగ్గరే ఉండి, శనివారం సాయంత్రం ఇల్లు చేరి, సోమవారం తెల్లవారుజామున మళ్ళీ బస్సెక్కుతాడు. హోసూరు గది యజమానురాలు శుక్రవారంలోపు మాట చెప్పమన్నది. అందుకని ఒక మంగళవారం రెండు ఊళ్ళూ ఒక్క రోజులో చూసి రావాలని బయలుదేరాము. ఇంట్లో ఎవరూ ధర్మపురి పేరు ఎత్తలేదు. నాకూ తోచలేదు. ఈ దారిలో ఏదో ఒక ఊరిలో చిన్న వ్యాపారం పెట్టుకోవాలని చూసేవారికి పనికి రావచ్చని ఇది రాస్తున్నాను.

మల్లిక ఇండూరు నుంచి మొదటి టౌను బస్సులో వచ్చింది. ఆ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. నేను ఉండేది ధర్మపురిలోనే కాబట్టి ఆమె వచ్చేలోపు కోట కామాక్షమ్మకు దండం పెట్టుకొని బస్టాండుకు నడిచి వచ్చాను. ఆరు దాటింది. ధర్మపురి బస్టాండులో నిలబడితే ఈ ప్రాంతంలో ఏ ఊరిది ఏ స్థానమో బస్సుల బోర్డులే చెబుతాయి. సేలం అని, బెంగళూరు అని పెద్ద అక్షరాలు ఉంటాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో మా ఊరు ఉంటుంది. ధర్మపురి ఒకప్పుడు సేలం జిల్లాలోనిది. మా అమ్మ చివరిదాకా ఎవరడిగినా సేలం జిల్లా అనే చెప్పేది. తరువాత ధర్మపురి జిల్లా అయింది. ఆ తరువాత కృష్ణగిరి మా నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది, హోసూరు దానితో వెళ్ళిపోయింది. ఇప్పుడు హోసూరు కార్పొరేషను, కృష్ణగిరి కంటే పెద్ద ఊరు. కానీ కలెక్టరు మాత్రం కృష్ణగిరిలోనే కూర్చుంటారు. మా ఊరికి కలెక్టరాఫీసు ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. అయినా పెళ్ళి పట్టుచీర ఎవరూ ఇక్కడ కొనరు. కొంటే వియ్యాలవారు, సేలానికి బస్సులు లేవా అని అడుగుతారు.

సేలం బస్సుకు మేము వెళ్ళినప్పుడు మనిషికి డెబ్భై రూపాయల లోపే అయింది. దారి గంటన్నర. తొప్పూరు ఘాట్ రోడ్డు దగ్గర లారీలు మెల్లగా పోతాయి, అక్కడ ఇంకాస్త పట్టవచ్చు. ఆ మలుపుల్లో నేను కళ్ళు మూసుకొని అమ్మవారి నామం చెప్పుకుంటాను. మల్లికకు అది ఆట.

"ధర్మపురిలో కామాక్షమ్మకు చెప్పినావు. సేలంలో మారెమ్మకు చెప్తావు. హోసూరు కొండ మీద ఈశ్వరుడికీ చెప్తావు. ముగ్గురికీ ఒకే పని పెడితే, ఇంకొకరు చేస్తార్లే అని ముగ్గురూ ఊరకుంటారు, పెద్దక్కా."

"నీ పని అంత చిన్నది కాదు," అన్నాను.

ఆమె నవ్వి కిటికీ వైపు తిరిగింది. చేతిసంచి మాత్రం ఒళ్ళో గట్టిగా పట్టుకొనే ఉంది.

సేలంలో బయటి ఊళ్ళ బస్సులు కొత్త బస్టాండులో ఆగుతాయి. పట్టు అంగళ్ళు ఉండేది పాత బస్టాండు చుట్టుపక్కల. టౌను బస్సులో పావుగంట. అంగళ్ళు పదింటికి గానీ పూర్తిగా తెరవరు కాబట్టి మేము కోట మారియమ్మ గుడికి వెళ్ళి, పక్క వీధిలో ఇడ్లీ తిన్నాము. ఇద్దరికీ కలిపి నూరు రూపాయలు కాలేదు. జరీ ఆయన చెప్పిన చోటు ఒక మేడ మెట్ల పక్కన, సగం గది. అదే వరుసలో జాకెట్లు కుట్టే అంగళ్ళే కనుచూపు మేర ఉన్నాయి. ప్రతి గుమ్మానికీ రాళ్ళు, పూసలు కుట్టిన జాకెట్లు వేలాడుతున్నాయి. గదిలో మిగతా సగం సెల్వి అనే ఆమెది. మల్లిక ఈడుదే. మాటలన్నీ తమిళంలో జరిగాయి.

"ఇక్కడ పని తక్కువ అనే మాట లేదు," అన్నది సెల్వి, సూదిలోకి దారం ఎక్కిస్తూనే. "ముహూర్తాల నెలల్లో భోజనానికి లేవలేము. పెళ్ళికూతురు వస్తుంది, కొలత ఇస్తుంది, వారానికి తీసుకొని పోతుంది. అంతే."

"బిగుతైతే?" అని అడిగింది మల్లిక.

"బిగుతైతే మళ్ళీ యాభై, అరవై మైళ్ళు వస్తుందా ఏమిటి? వాళ్ళ ఊళ్ళోనే ఎవరో ఒకామె ఉంటుంది. కుట్లు విప్పి సర్ది ఇస్తుంది."

"ఆ ఒకామెను నేనే," అన్నది మల్లిక.

సెల్వి పని ఆపి చూసింది. మల్లిక సంచిలోంచి ఒక జాకెట్టు తీసింది. ధర్మపురి పక్క కంబైనల్లూరు పెళ్ళికూతురిది, సేలంలో కుట్టించినది. పక్కలు విప్పి వదులు చేసి ఇవ్వాలి. బస్సులో కుట్ల దారం లాగుకోవచ్చని తెచ్చుకున్నది. సెల్వి దాన్ని లోపలి వైపు తిప్పి చూసింది. "మా వీధి కుట్టే," అని ఒప్పుకొని, "పక్కల్లో ఇంకొంచెం గుడ్డ వదిలి ఉండాల్సింది," అని గొణుక్కున్నది. ఇద్దరూ నవ్వుకున్నారు. తరువాత చాలాసేపు కొక్కెం సూదితో పూసలు కుట్టే ఆరి పని గురించి, సూదుల గురించి మాట్లాడుకున్నారు. నేను మెట్ల మీద కూర్చున్నాను.

బయటికి వచ్చాక మల్లిక అన్నది: "మంచి మనిషి. కానీ ఈడ వచ్చినోళ్ళు మళ్ళా రారు, పెద్దక్కా. నేను కుట్టిన జాకెట్టు వేసుకొని ఒకామె నా ముందర నిలబడి, ఈడ సరిలేదు, ఆడ సరిలేదు అని చెప్పకపోతే నాకు కుట్టినట్టే ఉండదు."

సేలం నుంచి హోసూరుకు బెంగళూరు పోయే బస్సు ఎక్కాలి. నూట యాభై రూపాయల దాకా అవుతుంది, మూడు గంటలకు పైగా దారి. ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. బస్సు నిండే సమయంలో కండక్టరు తలుపు దగ్గర నిలబడి, బెంగళూరు టికెట్లు ముందు ఎక్కమంటాడు. తరువాత హోసూరు, ఆ తరువాత కృష్ణగిరి. ధర్మపురి వాళ్ళను బస్సు కదిలేముందు గానీ ఎక్కనివ్వడు. పుట్టినప్పటి నుంచీ నేను ఆ చివరి వరుసలో నిలబడే అలవాటు ఉన్నదాన్ని. ఆ రోజు హోసూరు టికెట్టు కాబట్టి రెండో వరుసలో ఎక్కాము. మల్లిక కిటికీ పక్కన కూర్చొని కింద నిలబడిన వాళ్ళను చూసింది. వాళ్ళలో ఒక తల్లి చంటిపాపను భుజం మార్చుకుంటూ ఉంది.

"ఆమెది మన ఊరే. చూడు, మొగంలోనే తెలస్తా ఉండాది," అన్నది.

కండక్టరును అడిగాను, ధర్మపురి వాళ్ళు ఏం తప్పు చేశారు అని. అతను చిన్నవాడు, మర్యాదగానే చెప్పాడు. "తప్పేం లేదమ్మా. మీరు గంటన్నరలో దిగిపోతారు. ఆ సీటు అక్కడి నుంచి ఖాళీగా పోతే నన్ను అడుగుతారు."

"ఖాళీగా ఎందుకు పోతుంది? ధర్మపురిలో ఎవరూ ఎక్కరా?"

"ఎక్కుతారమ్మా. కానీ ఈ బస్సు లోపలికి పోదు. బైపాసులో దింపేసి పోవడమే."

అట్లాగే జరిగింది. ధర్మపురి బైపాసు దగ్గర పాపను ఎత్తుకున్న ఆమెతో పాటు ఐదారుగురు దిగారు. మా ఊరు ఎడమ చేతి వైపు కొంచెంసేపు కనిపించింది. నేను కూర్చున్న చోటి నుంచే కామాక్షమ్మకు మళ్ళీ దండం పెట్టాను. మల్లిక అరిటాకులో కట్టి తెచ్చిన చింతపండు అన్నం విప్పింది.

హోసూరులో దిగేసరికి రెండున్నర. ఊరు చాలా పెరిగింది. నేను చిన్నప్పుడు చూసిన హోసూరు బెంగళూరుకు పోయేవాళ్ళు టీ తాగడానికి ఆగే చోటు. ఇప్పుడు ఎటు చూసినా ఫ్యాక్టరీ బస్సులు, కొత్త మేడలు. బాగలూరు రోడ్డు వైపు షేర్ ఆటోలో వెళ్ళాము, మనిషికి ఇరవై. గది రోడ్డుకు ఆనుకొనే ఉంది. గాలి, వెలుతురు బాగా ఉన్నాయి. యజమానురాలు డెబ్భై ఏళ్ళ ఆమె, తాళం చేతిలో పట్టుకొని గుమ్మంలోనే కూర్చొని ఉంది. ఫోనులో తమిళంలో మాట్లాడాము కాబట్టి ఎదురుగా కూడా తమిళంలోనే మొదలుపెట్టాము. బాడిగ ఎంత, నీళ్ళ వసతి ఎట్లా, కరెంటు మీటరు వేరేనా, అన్నీ అడిగాను. ఆమె అన్నిటికీ తమిళంలోనే జవాబు చెప్పింది.

మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. అంగడివాళ్ళతో తమిళం, మాలో మాకు తెలుగు. చీర ఎదురుగా పరిచి ఉన్నప్పుడే అది బాగుందా లేదా, ఆయన ఇంకా తగ్గిస్తాడా అని తెలుగులో తేల్చుకుంటాము. ఎదుటి మనిషికి తెలియదనే నమ్మకం. హోసూరులో వీధికి పదిమంది తెలుగువాళ్ళు ఉంటారని నాకు తెలియనిది కాదు. అయినా అలవాటు అలవాటే. మల్లిక గది మధ్యలో నిలబడి నా వైపు తిరిగింది.

"ఊరు జోరుగానే ఉండాది, పెద్దక్కా. నాకేమో ఈ వీధిలో ఒక్క మొగమూ తెల్దు. ఆయన కోసరం సరే అంటా ఉన్నా గానీ నాకు ఇష్టం లేదు. ఈ ముసలామెను చూడు, గోడకు సున్నం కూడా కొట్టించేట్టు లేదు."

"మెల్లగా," అన్నాను.

"ఆమెకేం తెలస్తాది."

ముసలామె లేచి లోపలికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు తెచ్చి మల్లిక చేతికి ఇచ్చింది. ఇచ్చి, నిదానంగా తెలుగులో అన్నది: "తాగు పాపా, ఇష్టం లేకున్నా నీళ్ళు తాగచ్చు. సున్నం కొట్టించేది మాత్రం లేదు. అది ముందే చెప్తా ఉండా."

మల్లిక నీళ్ళు తాగకుండా చెంబు పట్టుకొని నా వెనక్కు జరిగింది. నలభై దాటిన మనిషి. నాకు నవ్వు, సిగ్గు రెండూ వచ్చాయి.

"యా ఊరు మీది?" అని అడిగింది ఆమె.

"ధర్మపురి పక్కన," అన్నాను.

"అనుకుంటి. ధర్మపురోళ్ళు ఇట్లనే. తెలుగు మీ ఇంట్లోనే పుట్టిందనుకుంటారు." ఆమె మళ్ళీ గుమ్మంలో కూర్చున్నది. "ఇష్టం లేదని నాకు చెప్పినావు. కట్టుకున్నోడికి చెప్పినావా?"

మల్లిక తల అడ్డంగా ఊపింది.

"ముందర ఈడ ఇట్లే ఒక పాప ఉన్నింది. జాకెట్లు బాగా కుట్టేది. ఈ వీధిలో ఉండేదంతా ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లలు. వారమంతా చుడీదారే. చీర కట్టేది పండక్కి. పండక్కి వాళ్ళ ఊళ్ళకు పోతారు, జాకెట్టూ ఆడనే కుట్టించుకుంటారు. ఏడాది తిరక్కముందే ఆ పాప ఖాళీ చేసె. నువ్వూ అట్ల పోతే, మళ్ళా నేను బోర్డు కట్టుకొని మనుషుల్ని వెతకల్ల. సెల్లుఫోను అంగడాయన ఒకడు అడగతా ఉండాడు."

"నేను పోతానని నీకెట్ల తెలుసు, పెద్దమ్మా?" మల్లికకు కొంచెం రోషం వచ్చింది.

"నాకేం తెలుసు? నువ్వే కదా మీ అక్కకు చెప్తా ఉన్నింది."

ఆమె మాకు టీ కూడా పెట్టి ఇచ్చింది. బాడిగ విషయంలో చివరిదాకా ఒక్క రూపాయి దిగలేదు. బయలుదేరేటప్పుడు మల్లిక ఆమె కాళ్ళకు మొక్కింది. నేను చంద్రచూడేశ్వరుడి కొండ ఎక్కే సమయం లేక, రోడ్డు మీద నుంచే దండం పెట్టాను.

శీను పని దగ్గర ఒక అరగంట అడిగి బస్టాండుకు వచ్చాడు. చొక్కాకు సిమెంటు అంటుకొని ఉంది. టీ అంగడి పక్కన నిలబడ్డాము. గది ఎట్లా ఉంది అని ఉత్సాహంగా అడిగాడు.

"గది బాగుండాది. నేను ఈడ పెట్టను," అన్నది మల్లిక.

"ఎందుకు?"

"ఈడ నాకు కుట్టేదానికి మనుషులు లేరు. నీ కోసరం వస్తా, సరే. పొద్దన్నుంచీ మిషను ముందర ఊరకే కూర్చోని, రాత్రికి నీ మింద విసుక్కుంటా."

"వారమంతా నేను హోటలు కూడు తినేది నీకు తెలుసు," అన్నాడు శీను.

"తెలుసు."

"తెలిసీ చెప్తా ఉండావు."

"తెలిసే చెప్తా ఉండా."

అతను నా వైపు తిరిగాడు. "వదినా, మీరేమంటారు?"

నాకు ఆ క్షణంలో చెల్లెలు దగ్గరలోనే ఉండాలనే ఆశ ఉంది. అది నా ఆశ, దాన్ని న్యాయం పేరుతో చెప్పకూడదు. "కుట్టేది ఆమె," అని మాత్రం అన్నాను. శీను మా ఇద్దరి టీ గ్లాసులూ తీసుకొని వెళ్ళి పెట్టి వచ్చాడు. ధర్మపురి లోపలికి పోయే బస్సు వెతికి, సీట్లలో తువ్వాలు వేసి పట్టాడు. దిగి కిటికీ దగ్గర నిలబడి, "ఆదివారం మాట్లాడుకుందాం," అన్నాడు. కోపం లేదు. అలసట ఉంది.

ఆ బస్సుకు వంద లోపే టికెట్టు. ధర్మపురి చేరేసరికి దీపాలు పెట్టారు. మల్లికను ఇండూరు బస్సు ఎక్కించడానికి టౌను బస్సుల వైపు నడిచాము. ఆ వేళకు అక్కడ చుట్టుపక్కల పల్లెలన్నీ నిలబడి ఉంటాయి. ఆసుపత్రికి వచ్చినవారు, ఆఫీసు పనికి వచ్చినవారు, కూరగాయలు అమ్ముకొని ఖాళీ గంపతో పోయేవారు. వాళ్ళలోంచి ఒకామె మల్లిక చేయి పట్టుకున్నది. పొద్దున సెల్వికి చూపించిన జాకెట్టు ఆమె కూతురిదే.

"అయిందా, మల్లికా?"

"ఒక పక్క అయింది, అత్తా. ఇంకో పక్క దారం తీసేసినా."

"శుక్రవారం కావల్ల పిల్లకి. మీ ఇండూరుకు రావాలంటే ఈడ దిగి, మళ్ళా ఇంకో బస్సు కాచుకోవల్ల. ఎప్పుడు చూసినా ఈడికి వస్తానే ఉంటా. నువ్వు ఈడనే యాడో ఒక చోట కూర్చుంటే నీకేం పోయె?"

ఇండూరు బస్సు వచ్చింది, నిండింది, వెళ్ళిపోయింది. మల్లిక ఎక్కలేదు. బస్టాండు పక్క సందులోకి నడిచింది, నేను వెనక నడిచాను. పూల అంగడి, గాజుల అంగడి, దాని పక్కన దించిన షట్టరు ఒకటి. గాజుల ఆయనను అడిగాము. ఈసారి మల్లిక మొదటి నుంచీ తెలుగులోనే అడిగింది. ఆయన తెలుగులోనే జవాబు చెప్పాడు.

ఆ షట్టరు చోటే మల్లిక అంగడి తెరిచి ఇప్పటికి కొన్ని నెలలయింది. ఆదివారం మాట్లాడుకోవడం అంత సులభంగా సాగలేదని మల్లిక చెప్పింది, వివరం నేను అడగలేదు. శీను ఇంకా హోసూరులోనే పని చేస్తున్నాడు. శనివారం బస్సు ఆలస్యమైతే మల్లిక మిషను ఆపి సందు చివర వైపు చూస్తుంది. ఆ లోటు తీరలేదు. కానీ రెండో నెలలో అతను బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా అంగడికి వచ్చి, ఒక పెద్ద సంచి బల్ల మీద పెట్టాడు. హోసూరులో తను ఉండే వరుస ఇళ్ళ ఆడవాళ్ళు ఇచ్చిన జాకెట్టు గుడ్డలు, ఒక్కొక్క దానికి చుట్టి కట్టిన ఆది జాకెట్టు. అడుగున ఒకటి ఆ గది ముసలామెది కూడా ఉంది. "మేస్త్రినని చెప్పినా వినరు, నాకు సంచి మోసే పని పెట్టినారు," అన్నాడు. మల్లిక ఆ గుడ్డల మీద సుద్దతో పేర్లు రాస్తూ, "మోస్తావులే," అన్నది. ఆ పై వారం సోమవారం కుట్టినవి తీసుకొని పోయాడు.

ఊళ్ళకు ఒక వరుస ఉందనే మాట నిజమే. పట్టుచీరకు సేలమే వెళ్తాము, కూలికి హోసూరు వెళ్తాము, ఇంకా పెద్ద అవసరం వస్తే బెంగళూరు. ఆ వరుసలో ధర్మపురి కింది మెట్టు మీద ఉంటే నాకు చిన్నతనం లేదు. కంబైనల్లూరు వాళ్ళకు, ఇండూరు వాళ్ళకు ఇది పై మెట్టు. జీవితంలో ఒకసారి చేసే పనికి ఎంత దూరమైనా పోతాము. నాలుగుసార్లు తిరగవలసిన పనికి మాత్రం, పొద్దున పోయి మధ్యాహ్నానికి పొయ్యి దగ్గరికి తిరిగి రాగలిగే ఊరు కావాలి. మల్లికకు అట్లాంటి పని చేతిలో పెట్టాడు దేవుడు. ముగ్గురిలో ఎవరు విన్నారో తెలియదు కాబట్టి ముగ్గురికీ కొబ్బరికాయ కొట్టాను.

అంగడికి చోటు చూడబోయేవారికి ఒక్క మాట. ఆ ఊరి సంత రోజున వెళ్ళకండి. మామూలు మంగళవారమో బుధవారమో వెళ్ళి, చోటు ఎదురుగా ఒక గంట కూర్చోండి. సంత రోజున ప్రతి ఊరూ పెద్దదిగానే కనిపిస్తుంది.